లేచిన గుండెలు

రోజు 1

పడిపోయి లేచిన గుండె, పడకముందు కంటే పడుచుగా ఎందుకు కొట్టుకుంటుంది?

పదిహేడేళ్లుగా ఈ ప్రశ్న నాతో ఉంది. థీసిస్ చివరి పేజీలో "ముందు ముందు పరిశీలించవలసినవి" అన్న శీర్షిక కింద నాలుగో అంశంగా రాశాను. రాసి, పట్టా పుచ్చుకుని, అదే విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరి, ఆ "ముందు ముందు" ఎప్పుడో తేల్చకుండానే నలభై ఆరేళ్లకు వచ్చాను.

ఇప్పుడు పద్నాలుగో తెప్పవాడకు నలభై రోజుల పని మీద వచ్చాను. జనం చేతులకున్న, గుండె చప్పుడును మా కేంద్రానికి చేరవేసే పాత నాడిపట్టీలు విప్పించి కొత్తవి కట్టాలి. ఇది టెక్నీషియన్లు చేసే పని. అడిగి మరీ వేయించుకున్నాను. డిపార్టుమెంటులో ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని ఒక జవాబు తయారుచేసుకున్నాను. ఎవరూ అడగలేదు.

వాడ అంటే పద్దెనిమిది ఇళ్లు, అరవై మూడు పట్టీలు, అన్నీ ఒకదానికొకటి తాళ్లతో కట్టిన తెప్పల మీద. అడుగున ఒకప్పుడు వరిచేలు ఉండేవట. ఇప్పుడు తాళ్లకు సముద్రపు నాచు పండిస్తారు. నాకిచ్చిన గది చిట్టచివరి తెప్ప మీద ఉంది. దాని తర్వాత నీళ్లే.

రేవులో దిగగానే నలుగురు ఆడవాళ్లు నన్ను ఎగాదిగా చూశారు. నేను "నమస్కారమండీ, నా పేరు హైమవతి" అన్నానో లేదో, ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! ఆ గొంతు ఈవిడదే! 'ఆగండి, కదపకండి' అంటాది సూడండి, ఆవిడే!"

అవును, నేనే. అప్పట్లో ప్రాజెక్టుకు వేరే గొంతు దొరకక నాతోనే చదివించారు. పదహారేళ్లుగా ప్రతి వాడలోనూ స్తంభానికి కట్టిన స్పీకరులోంచి, ఎవరి గుండె పడిపోయినా, ముప్పై ఏళ్ల నా గొంతు పలుకుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. ఒక వాడలో నిలబడి ఆ మాట వినడం మాత్రం ఇదే మొదటిసారి.

రోజు 3

ఇది కేంద్రానికి పంపే నమోదు కాదు. అందులో అంకెలు మాత్రమే ఉంటాయి. ఇది నాకోసం.

ఉదయం పూట తాగునీళ్లు పట్టుకోవడం, మధ్యాహ్నం దాకా పట్టీలు మార్చడం, తర్వాత పాతవాటి రాగి బిళ్లల మీద పేరుకున్న ఉప్పు తుడవడం. నాకిచ్చిన ద్రావకం రెండోరోజుకే అయిపోయింది. పక్కింటి నూకరత్నం చూసి నవ్వింది. నా ఈడుదే, ఒకటి రెండేళ్లు చిన్నదేమో. నాకు రెండు పూటలా భోజనం పంపే బాధ్యత వాడవాళ్లు ఆవిడకు అప్పగించారు.

"ఏటండీ ఆ గోకుడు? సింతపండు పెట్టి తోమండి. మీ సదువుల్లో సింతపండు లేదేటండీ?"

లేదు. చింతపండుతో నిమిషంలో తళతళలాడాయి.

ఇక్కడ పొయ్యిలు లేవు. ఎండిన నాచు ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుందని వాడలో మంట వెలిగించడం నిషేధం. అన్నం, కూర, కాఫీ, అన్నీ ఉమ్మడి గొట్టంలో వచ్చే ఆవిరి మీదే. అగ్గిపెట్టె దొరికితే వాడ నుంచి వెలివేస్తారట. సాయంత్రమైతే ఆడవాళ్ల చేతుల మీద పట్టీల పచ్చటి చుక్కలు తప్ప ఇంకే వెలుగూ కనిపించదు.

రోజు 6

యాభై ఏడు మంది వచ్చి పట్టీలు మార్పించుకున్నారు. ఆరుగురు రావడం లేదు.

కొత్త పట్టీ మొదట ఏ ఒంటిని తాకితే ఆ ఒంటికే పనిచేస్తుంది, ఇంకొకరు కట్టుకుంటే ఆరిపోతుంది. అందుకని మనిషి స్వయంగా రావాలి. ఆ ఆరుగురి ఇళ్లకూ వెళ్లాను. "ఇప్పుడు కుదరదండీ." "తర్వాత ఒత్తారండీ." అందరూ మర్యాదగా కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు, మనిషిని మాత్రం చూపించలేదు.

ఆరుగురిలో ఒకరు నూకరత్నం భర్త మల్లాడి పెద్దిరాజు, యాభై నాలుగేళ్లు. పదకొండు నెలల క్రితం గుండె పడిపోయింది. తొమ్మిది గంటల్లో లేచింది. అప్పటి నుంచి నాడి చక్కగా ఉంది. నిజానికి చాలా చక్కగా ఉంది. నలభై అయిదేళ్ల మనిషి నాడిలా ఉంది.

నా ప్రశ్నకు జవాబు ఆ మనిషి దగ్గరే ఉంది. గోడ అవతలి ఇల్లు. ఆరు రోజులుగా అతని దగ్గు కూడా వినలేదు.

రోజు 8

రోజంతా వాన. నూకరత్నం ఇంటి నుంచి వస్తున్న రెండు నాడులనూ తెర మీద పక్కపక్కన పెట్టాను. ఆమెది, అతనిది. ఆమె నిచ్చెన ఎక్కితే రెండూ ఎగిశాయి. ఆమె కూర్చుంటే రెండూ దిగాయి. కొట్టుకోవడంలో ఒక్క లిప్త కూడా తేడా లేదు.

ఇలాంటిది నేను ఎప్పుడూ చూడలేదని చెప్పలేను. ఒకే ఇంట్లోని రెండు పట్టీలు ఒకేలా కొట్టుకుంటే, దగ్గర దగ్గరగా ఉన్నందువల్ల సంకేతాలు కలిసిపోయాయని లెక్కేసి, ఆ పోలికను పక్కన పడేసే వరుస ఒకటి మా కంప్యూటరు ప్రోగ్రాములో ఉంది. థీసిస్ రోజుల్లో నేనే రాశాను. రాయడానికి పది నిమిషాలు పట్టింది.

మా గైడ్ అనేవారు, "తెప్పల మీదికి వెళ్లి టైము పాడుచేసుకోకు హైమా. నాడి నీ బల్ల దగ్గరికే వస్తుంటే నువ్వు దాని దగ్గరికి పోవడమెందుకు?" అని. మా శాస్త్రం గొప్పే అది. మనిషిని చూడకుండా మనిషి ఒంట్లో సంగతి చెప్పడం. ఆ గొప్ప మీదే నాకు ప్రొఫెసరు కుర్చీ వచ్చింది.

రోజు 9

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

నూకరత్నం అన్నం తెచ్చింది. చేపల పులుసు. నేను ఇక ఆగలేక సూటిగా అడిగేశాను. "నూకరత్నం గారూ, పెద్దిరాజు గారు ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నారు గదండీ."

"ఎక్కడ?"

ఆవిడ నావైపు అదోలా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. జాకెట్టు చేతిని మోచేతి పైకి మడిచింది. మణికట్టుకున్న కొత్త పట్టీ ఆవిడది. మోచేతి పైన, చర్మం ఒరుసుకుపోయి నల్లబడిన చోట, ఇంకో పాత పట్టీ. దాని మీద పచ్చటి చుక్క.

"ఆయన దీపమండీ. మీకు దీపం పెట్టరా పోయినోళ్లకి?"

పెడతాం. మనిషి పోయిన చోట నూనెదీపం పెడతాం, అది కొండెక్కకుండా చూసుకుంటాం. ఇక్కడ మంట పెట్టకూడదు. పాత పట్టీకి ఎవరి నాడి తగిలినా చాలు, తగలకపోతే చుక్క ఆరిపోతుంది. అందుకని ఇంట్లో ఒక మనిషి, ఎక్కువగా ఆడమనిషి, పోయినవాళ్ల పట్టీని తన ఒంటి మీద వెలిగిస్తుంది. ఏడాది దినం నాడు విప్పి, అప్పుడు రిజిస్టరులో పేరు కొట్టేయిస్తారు. అంతవరకూ ఆ మనిషి ఉన్నట్టే.

"ఆయన ఎప్పుడు పోయారు?"

"మీ గొంతు ఆగమంది గదండీ. ఆగాం. తొమ్మిది గంటలాగాం. పోయారు. ఎంటనే కట్టేసుకున్నాను. మాకు ఒక్క గడియ కూడా దీపం లేకుండా ఉంచకూడదండి."

"ఈ సంగతి మాకెవరూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు గదండీ," అంది నూకరత్నం. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఏటండీ అలాగైపోయారు? అన్నం తినండి సల్లారిపోద్ది. ఇంతకీ మీకు పిల్లలున్నారాండీ?"

"లేరు."

"ఆయన?"

"ఉండేవారు. విడిపోయి పన్నెండేళ్లయింది."

"అక్కాసెల్లెళ్లు?"

"లేరు."

నా మణికట్టుకున్న పట్టీని చూసింది. అప్పుడు ఆవిడ ముఖంలో నిజమైన కంగారు కనిపించింది. "అయ్యో. మరి మీదెవరు కట్టుకుంటారండీ?"

పులుసు కలుపుకుని తిన్నాను. బాగుందని కూడా చెప్పినట్టున్నాను.

రోజు 11

రెండు రోజులుగా పాత లెక్కలు తిరగేస్తున్నాను.

చదివేవాళ్లు ఎవరూ లేకపోయినా, ఇక్కడ స్పష్టంగా రాసుకోవాలి. తెప్పవాడల్లో గుండె పడిపోయిన, అంటే నాడి అందీ అందకుండా అయిపోయిన మనిషిని ఒడ్డున మెట్టలోని ఆసుపత్రికి చేర్చాలంటే అలల మీద రెండు గంటల ప్రయాణం. పడవలో తీసుకెళ్లినవాళ్లలో చాలామంది పోయేవారు, అయిదో వంతే బతికేవారు. ఇంటి దగ్గరే ఉంచినవాళ్లు 212 మంది. వాళ్లలో 58 మంది తమంతట తామే లేచి కూర్చున్నట్టు పట్టీలు చెప్పాయి. లేవడమే కాదు, గుండె పడుచుదనం తెచ్చుకుని లేచింది. దీన్నిబట్టి నేను చెప్పింది: పడిపోయిన గుండెను అలల మీద కుదపడం మంచిది కాదు, ముప్పై ఆరు గంటలు కదపకుండా ఆపండి, లేవకపోతే అప్పుడు ఆసుపత్రి ఎర్రపడవ పంపండి. అదే ఆగు నియమం. కోస్తా అంతటా అమలైంది.

ఆ 58 మంది దాదాపు అందరూ నాలుగు వాడల వాళ్లే. ఆ వాడలకు గాలి తాకిడి తక్కువ, నీళ్లు నిలకడగా ఉంటాయి, అందుకే గుండెలు కోలుకుంటున్నాయని ఒక అధ్యాయం రాశాను. ఇప్పుడు వెతికి చూశాను. అప్పటికి మంట నిషేధం ఉన్నది ఆ నాలుగు వాడల్లోనే. మిగతా చోట్ల ఇంకా నూనెదీపాలే.

పోలికను పక్కన పడేసే ఆ వరుసను తీసేసి మళ్లీ లెక్క వేశాను. 58 మందిలో 51 మందికి అదే ఇంట్లో ఒక జంట గుండె ఉంది. కూతురిదో, కోడలిదో, భార్యదో.

నిజంగా లేచింది ఏడుగురు.

తర్వాత తర్వాత మంట నిషేధం అన్ని వాడలకూ వచ్చింది. లేచేవాళ్ల సంఖ్య ఏటేటా పెరిగింది. దానికి నాకు ఒక శాలువా కూడా కప్పారు.

రోజు 13

కేంద్రానికి ఇంకా ఏమీ పంపలేదు. మూడోసారి సరిచూసుకుంటున్నాను. ఒకవేళ నేనే ఎక్కడైనా పొరబడి ఉంటే? ఒక్క వాడలో ఒక్క ఇంట్లో చూసినదాన్ని పట్టుకుని పదిహేడేళ్ల పని తప్పనడానికి ఆధారం చాలా?

పై మాటలు ఇప్పుడే చదువుకున్నాను. ఈ జాగ్రత్త నాకు పదిహేడేళ్ల కిందట లేదు. నియమాన్ని నిలబెట్టడానికి ఒక్కసారి సరిచూసుకుంటే సరిపోయింది. పడగొట్టడానికి మూడుసార్లు కావాల్సి వస్తోంది.

రోజు 14

పొద్దున తొమ్మిదింటికి నాచు ఆరబెట్టే తాళ్ల దగ్గర సూరమ్మ పడిపోయింది. అరవై దాటిన మనిషి. వలలు బాగుచేస్తుంది. కొడుకు లోవరాజు పక్కనే ఉన్నాడు. పట్టీ మీద చుక్క ఎర్రబడింది. స్తంభం మీది స్పీకరు మోగింది.

"ఆగండి. కదపకండి. వెల్లకిలా పడుకోబెట్టి ప్రశాంతంగా ఉంచండి."

నా గొంతే. ఎంత నిబ్బరంగా ఉందో.

నేను పరుగెత్తేసరికి నలుగురూ చుట్టూ మూగి, ఎండ తగలకుండా చీర అడ్డం పట్టుకుని, అచ్చం ఆ గొంతు చెప్పినట్టే చేస్తున్నారు. నేను కేంద్రానికి ఫోను కలిపాను. అవతల ప్రద్యుమ్న. ఒకప్పుడు నా విద్యార్థి, ఇప్పుడు పడవలు పంపే విభాగానికి అధికారి.

"ప్రద్యుమ్నా, పద్నాలుగో వాడకి ఎర్రపడవ పంపు. వెంటనే."

"మేడమ్, ఆగు టైము ఇప్పుడే మొదలైంది. ముప్పై ఆరు గంటలు..."

"నాకు తెలుసు. పంపు."

"మేడమ్, ఇది మీ రూలే కదా."

"ఆ రూలు తప్పు."

"కారణం గడిలో ఏం రాయమంటారు? ఇక్కడ నాలుగు కారణాలే ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కితే గాని పడవ కదలదు."

"నేను తప్పు చేశానని రాయి."

"ఆ కారణం లేదు మేడమ్." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "తప్పని మీకెప్పుడు తెలిసింది?"

"మూడు రోజులైంది."

"నేను పైవాళ్లతో మాట్లాడతాను. గంట పట్టొచ్చు. మీరు ఈలోగా మనిషిని కదిలించే దారి చూడండి," అన్నాడు. అతను నియమాన్ని పక్కన పెట్టి చెప్పిన మొదటి మాట అదేననుకుంటాను.

నేను వెనక్కి తిరిగి, "లోవరాజూ, నాచు పడవ తీయండి, మీ అమ్మను మెట్టకు తీసుకెళ్లాలి," అన్నాను.

ఎవరూ కదల్లేదు. స్పీకరు ప్రతి రెండు నిమిషాలకూ పలుకుతోంది. ఆగండి. కదపకండి.

"కదిపితే పోద్దండీ," అన్నాడు లోవరాజు. "మీరే గదండీ సెప్తా ఉంట. మా సిన్నప్పుడు మా పెదనాన్నకీ ఇదే సెప్పారు."

"నేను తప్పు చెప్పాను."

"ఇప్పుడు సెప్పేది తప్పు కాదని ఏటండీ గేరంటీ?"

ఎదుటి మనిషిని ఒప్పించడం నాకు అలవాటు లేని పని. నా మాటలన్నీ కాగితాల మీద, కమిటీల ముందు, పట్టికలతో సహా చెప్పినవి. "గేరంటీ లేదు," అన్నాను. "ఆగితే నూటికి ముగ్గురు బతుకుతారు. వెళ్తే అంతకంటే చాలా ఎక్కువమంది బతుకుతారు. మీ అమ్మ ఎందులో ఉంటుందో నేను చెప్పలేను."

నూకరత్నం అప్పటిదాకా సూరమ్మ తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. స్తంభం వైపు చూసింది, నావైపు చూసింది.

"పైనున్న మేడమేమో ఆగమంటంది. కిందున్న మేడమేమో ఎల్లమంటంది. ఏ మేడం మాట ఇనాలండీ మేము?"

"కిందున్నదాని మాట," అన్నాను.

"పైదానికి బెదురు లేదండి. మీకుంది." లేచింది. "ఒరే లోవరాజూ, తాడిప్పరా. బెదురున్న మనిషి మాటే ఇందాం. నిలబడిపోయావేట్రా సన్నాసీ, ఇప్పు!"

పడవలో సూరమ్మకు ఒకవైపు నూకరత్నం, ఒకవైపు నేను. దారిలో నాడి పూర్తిగా అందకుండా పోయింది. గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం ఎలాగో పుస్తకంలో చదివాను. మనిషి మీద చేయడం ఇదే మొదలు. పక్కటెముక ఒకటి విరిగిన చప్పుడు వినిపించింది. ఆపేశాను. "ఆపకండి!" అని అరిచింది నూకరత్నం. అలసిపోయి నేను వదిలితే ఆవిడ, ఆవిడ వదిలితే నేను. గంట దాటాక ఎర్రపడవ ఎదురొచ్చింది. ప్రద్యుమ్న ఏ కారణం నొక్కాడో నాకు తెలియదు.

సూరమ్మ బతికింది.

రోజు 17

నివేదిక పంపాను. పదకొండు పేజీలు. కారణం దాచలేదు. దీపాల సంగతి, నేను రాసిన ఆ వరుస సంగతి, మూడు రోజులు ఊరుకున్న సంగతి కూడా రాశాను. థీసిస్ వెనక్కి తీసుకోమని విశ్వవిద్యాలయానికి వేరే ఉత్తరం.

ప్రద్యుమ్న ఫోను చేశాడు. ఆగు నియమాన్ని సూరమ్మ పడిపోయిన రోజు మధ్యాహ్నం నుంచే నిలిపేశారట. స్పీకర్లలో నా గొంతు తీసేస్తున్నారట.

"ఎలా ఉన్నారు మేడమ్?" అన్నాడు.

"బాగానే ఉన్నాను. నువ్వు?"

"బాగానే ఉన్నాను." ఇద్దరం ఇంకేమీ దొరక్క ఫోను పెట్టేశాం.

రోజు 20

నూకరత్నం మూడు రోజులుగా గుమ్మంలో గిన్నె పెట్టి వెళ్లిపోతోంది. ఈరోజు లోపలికి వచ్చింది. చాప మీద కూర్చుంది.

"సూరమ్మ నిన్న లేచి మజ్జిగన్నం తిందంటండి. 'నా పక్కటెముక ఇరగ్గొట్టింది ఆ సదువుకున్న ముం...'," అని ఆగి నాలుక కరుచుకుంది. "తిట్టిందంటండి మిమ్మల్ని."

"తిట్టనివ్వండి."

"సూరమ్మకంటే మా ఆయన పదేళ్లు సిన్నోడండి." చాప అంచున ఊడిన పోగును లాగుతోంది. "ఆరోజు ఎల్లుంటే, ఆయనా బతికేవోడాండీ?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు పడవలోనే తెలుసు. తెలిసీ జవాబు తయారుచేసుకోలేదు. "తప్పకుండా అని చెప్పలేను. బతికి ఉండేవారేమో. బతికే అవకాశం ఎక్కువే," అన్నాను.

ఆవిడ ఆ పోగు తెగేదాకా లాగింది.

"సరేనండీ. నీళ్లొచ్చే టైమయ్యింది," అని లేచి వెళ్లిపోయింది. బిందెల చప్పుడు వినిపించింది. కొంతసేపటికి అదీ ఆగింది. ఆ గోడ ఇంత పల్చనని నాకు ఇవాళే తెలిసింది.

రోజు 24

నా నివేదిక మీద వేసిన విచారణ కమిటీ 51 మంది జాబితా అడిగింది. ఎవరి పట్టీ, ఏ ఇల్లు, ఎవరు కట్టుకున్నారు. పదిహేడేళ్లుగా నాకు వాళ్లు సంఖ్యలు. పేర్లు వేరే ఫైలులో ఉంటాయి, పరిశోధకులు చూడకూడదన్నది నీతి నియమం. ఇప్పుడు అనుమతి ఇచ్చి తెరిచారు.

పంతొమ్మిదో వరుస. మల్లాడి పైడమ్మ, పద్నాలుగో వాడ, అరవై ఒక్క ఏళ్లు. గుండె పడిపోయింది, పన్నెండు గంటల్లో లేచింది. జంట గుండె అదే ఇంట్లోది. కోడలు. మల్లాడి నూకరత్నం, అప్పటికి ఇరవై ఆరేళ్లు.

వరుస మారి చదివానేమోనని వేలు పెట్టి చూసుకున్నాను. మారలేదు.

పైడమ్మ పెద్దిరాజు తల్లి. అత్తగారి దీపాన్ని కోడలు ఏడాది పాటు తన చేతి మీద మోసింది. ఆ 58 మందిలో మిగతావాళ్లలో చాలామంది నాడి అంత శుభ్రంగా లేదు, అక్కడక్కడా తెగిపోయింది. పైడమ్మది ఒక్క గంట కూడా తెగలేదు. అందుకని థీసిస్‌లో బొమ్మ వేయడానికి ఆ నాడినే ఎంచుకున్నాను. నియమం ఆమోదించిన సభలో గోడ మీద చూపించిందీ ఆ బొమ్మే. లేచిన గుండె ఇలా ఉంటుందని.

ఆ నాడి నూకరత్నానిది. ఆ బొమ్మను నమ్మి వాళ్లు నియమం పెట్టారు. ఆ నియమాన్ని నమ్మి ఆవిడ తన భర్తను తొమ్మిది గంటలు కదపకుండా కూర్చుంది.

రోజు 29

కమిటీ నిర్ణయం వచ్చింది. ఆగు నియమం శాశ్వతంగా రద్దు. నన్ను బోధన నుంచి తప్పించారు, పరిశోధన నుంచి కూడా. నేను కోరిందే. ఇంకో పేరా ఉంది: నియమం కింద ఆగి చనిపోయినవారి కుటుంబాలకు నియమం తప్పని ఉత్తరం వెళ్తుంది. ఆ తప్పు ఎలా పుట్టిందో 51 కుటుంబాలకు వ్యక్తిగతంగా తెలపాలా వద్దా అన్నది పరిశోధకురాలి విచక్షణకు వదిలేస్తున్నాం.

ఇన్నేళ్లలో వాళ్లు నా విచక్షణకు వదిలేసిన మొదటి సంగతి ఇది.

రోజు 33

ఈరోజు పెద్దిరాజు ఏడాది దినం. నన్నూ పిలిచారు. మగవాళ్లు పడవలో వెళ్లి సముద్రంలో పిండం కలిపి వచ్చారు. ఆడవాళ్లు వంట చేశారు. సూరమ్మ కొడుకు భుజం పట్టుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుని, తన పక్కటెముక గురించి అందరికీ వివరించింది.

భోజనాలయ్యాక నూకరత్నం పట్టీ విప్పింది. చుక్క కాసేపు పచ్చగా, కాసేపు పసుపుగా ఉండి ఆరిపోయింది. ఆవిడ మోచేతి పైన ఒక తెల్లటి చార మిగిలింది. పట్టీని నా చేతికి ఇచ్చింది.

తర్వాత వాడ రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. "మీరు రాయండి. మీ రాత బాగుంటాది."

ఇక్కడి రిజిస్టరులో ఇంతవరకూ పట్టీ విప్పిన రోజునే చనిపోయిన రోజుగా రాస్తూ వచ్చారు. "ఏ తేదీ రాయమంటారు?" అని అడిగాను.

"ఆయన పోయిన రోజే రాయండి. నిజం రాయండి," అంది.

రాశాను. ఆవిడ నా పక్కన కూర్చుని అక్షరాలు ఎండేదాకా చూసింది. తర్వాత, అందరూ అవతల గిన్నెలు కడుగుతుండగా, మామూలు గొంతుతో అడిగింది.

"ఇంకేవన్నా ఉందాండీ నాకు సెప్పాల్సింది? వారం రోజులై మీరు నా మొకం సూట్టం లేదు."

"రేపు మాట్లాడదాం," అన్నాను.

"ఆయ్," అని తలూపి లేచి వెళ్లింది.

రోజు 34

రేపు అన్నది ఇవాళే. ఆవిడ పొద్దున గిన్నె ఇచ్చేటప్పుడు ఏమీ అడగలేదు. అడగదు. ఒకసారి అడిగింది.

చెబితే, ఆవిడ ఒక ఏడాది పాటు ఒక్క గంట కూడా తెగకుండా చేసిన పని ఏమైందో ఆవిడకు తెలుస్తుంది. తప్పు నీది కాదు, ఆ బొమ్మ ఎంచుకున్నది నేను, ఎవరిదని అడగనిది నేను అని ఎన్నిసార్లు చెప్పినా, ఆవిడ తన మోచెయ్యి చూసుకోకుండా ఉండలేదు. అత్తగారికి వెలిగించిందీ, భర్తను ఆపిందీ ఒకే చెయ్యి అనుకుంటుంది. అలా అనుకుని బతకవలసిన సంవత్సరాలు ఆవిడకు చాలా ఉన్నాయి.

చెప్పకపోతే, ఆవిడ ఒంటి సంగతి నాకు తెలిసి ఆవిడకు తెలియకుండా ఉండిపోతుంది. నా వృత్తి అంతా అదే కదా. మళ్లీ ఆవిడ తరఫున నేనే నిర్ణయించినట్టు. నిజం రాయమన్న మనిషితో.

ఊరుకోవడం దయ అనిపించినప్పుడల్లా, అది నాకు సుఖంగా కూడా ఉందని గమనిస్తున్నాను. చెప్పడం నిజాయితీ అనిపించినప్పుడల్లా, చెప్పేస్తే నా బరువు దిగుతుందని ఆశపడుతున్నాను. ఈ రెండింటిలో ఏదీ ఆవిడ కోసం చేస్తున్నట్టు నాకు నమ్మకం కుదరడం లేదు. అడగడానికి నాకు ఇంకెవరూ లేరు. ఉన్న ఒక్క మనిషీ ఆవిడే.

ఆరు రోజుల్లో నా పడవ వస్తుంది. గోడ అవతల ఆవిడ నాచు దులుపుతోంది. లేచి వెళ్తే ఎనిమిది అడుగులు.

చెప్పాలో వద్దో నాకు తెలియదు. నేను తేల్చుకోలేదు.